గుల్‌మార్గ్ యాత్ర – అమ్మాయి స్కీలు

మన చంద్రపూర్ పేరు చెబితే బయటివాళ్ళకు గుర్తుకొచ్చేవి మూడు: బొగ్గు, తాడోబా పులులు, రోళ్ళు పగిలే ఎండ. మే నెలలో 47 డిగ్రీలంటే మనకు వార్త కాదు. 42కి దిగితే "ఇవాళ కాస్త చల్లబడింది" అనుకునేవాళ్ళం మనం. మంచు అంటే మనకు చెరుకురసం బండి మీద గోనెపట్టాలో చుట్టిన ఐసుగడ్డే. అలాంటి ఊళ్ళో ఉంటూ స్కీయింగ్ గురించి, అందులోనూ ఆడవాళ్ళ స్కీల గురించి రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు.

కానీ మన సంఘం సభ్యుల ఇళ్ళు నాలుగు తిరిగి చూడండి. ఒకరి అబ్బాయి డెన్వర్‌లో, ఒకరి కోడలు జ్యూరిచ్‌లో, ఇంకొకరి అమ్మాయి కాల్గరీలో. అక్కడ శీతకాలం వచ్చిందంటే శనాదివారాలు జనం కొండ మీదికి పోతారు. మన పిల్లలూ పోతున్నారు. మొదట్లో పడుతూ లేస్తూ నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు చెయ్యి తిరిగిన వంటవాడన్నట్టు కాలు తిరిగినవాళ్ళయ్యారు. మనం మాత్రం ఫోనులో "జాగ్రత్త తల్లీ" అని ఊరుకుంటున్నాం. ఆ జాగ్రత్త ఎక్కడ మొదలవుతుందో గుల్‌మార్గ్‌లో నాలుగు రోజులుండి చూశాను కనుక, నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మంచు మనవాళ్ళకు సరిపడదన్న మాట ఇప్పుడు చెల్లదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. 2018 మే నెలలో మన చంద్రపూర్ జిల్లా గిరిజన ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు ఐదుగురు అదే శిఖరం చేరారు. వారిలో మనీషా ధుర్వే అనే అమ్మాయి ఉంది. ఇంత ఎండల్లో పెరిగిన పిల్లలు అంత మంచులో నిలబడగలిగారంటే శిక్షణ ఒక కారణం, ఒంటికి తగిన సామాను ఇంకొక కారణం.

ప్రయాణం

మా అమ్మాయి కాల్గరీలో ఇంజనీరు. తొమ్మిదేళ్ళుగా స్కీయింగ్ చేస్తోంది. వాళ్ళ ఊరికి గంట ప్రయాణంలో నకిస్కా అనే కొండ ఉంది. 1988 శీతకాల ఒలింపిక్స్ కోసం తయారుచేసిన చోటు అది. మన దేశం తరఫున శీతకాల ఒలింపిక్స్‌కు వెళ్ళిన మొదటి మహిళ శైలజా కుమార్ ఆ ఏడు స్లాలమ్ పోటీలో 28వ స్థానంలో నిలిచింది. "ఆవిడ దిగిన కొండ మీదే మేం వారం వారం దిగుతున్నాం నాన్నా, మన హిమాలయం మాత్రం ఇంతవరకు చూడలేదు" అంటుండేది అమ్మాయి. సెలవు మీద వచ్చినప్పుడు, మనవణ్ణి వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి, ఫిబ్రవరి రెండోవారంలో ఇద్దరం బయలుదేరాం.

ఈ ప్రయాణానికి ఇంకో కారణం కూడా ఉంది. అమ్మాయి రెండో ఏట కొనుక్కున్న స్కీలు నేర్చుకునేవాళ్ళవి. సన్నవి, పొట్టివి, మెత్తవి. కాస్త వేగం పెంచితే వణుకుతున్నాయట. కొత్తవి కొనాలి. అక్కడ స్కీలకూ వాటి బైండింగులకూ కలిపి వెయ్యి కెనడా డాలర్లు సులభంగా దాటిపోతుంది. పదేళ్ళ వరకు వాడుకోదగ్గ వస్తువును కాగితం చూసి కొనకుండా, నాలుగు రకాల మంచు మీద అద్దెకు తీసుకుని చూసి కొందామని ఆమె ఆలోచన. బ్యాంకులో అప్పు దరఖాస్తులు చూసీ చూసీ ఉన్న నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది.

నాగపూర్ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌కు విమానంలో వెళ్ళాం. రైలు ఇష్టమున్నవారికి ఇప్పుడు ఇంకో దారి ఉంది. మద్రాసు నుంచి కట్రా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్ మన బల్లార్షా మీదుగానే పోతుంది. కట్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్ 6న వందేభారత్ రైలు ప్రారంభమయింది. చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన దాటి మూడు గంటల్లో చేరుస్తుంది. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దాకా మామూలు బండి సరిపోతుంది. ఆపైన 13 కిలోమీటర్ల ఘాటు రోడ్డు మీద మంచు పడితే చక్రాలకు గొలుసులు కట్టిన బండి కావాలి.

గుల్‌మార్గ్

గుల్‌మార్గ్ అంటే పూలమైదానం. వేసవిలో పచ్చిక, శీతకాలంలో నడుంలోతు మంచు. ఎత్తు సుమారు 2,650 మీటర్లు. ఇక్కడ స్కీయింగ్‌ను బ్రిటిషు సైనికాధికారులు మొదలుపెట్టారు. 1927లో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత 1948లో సైన్యం ఇక్కడ స్కీ శిక్షణ మొదలుపెట్టింది. అదే నేటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలు. కేబుల్‌కారు మొదటి దశ 1998లోను, రెండో దశ 2005లోను వచ్చాయి. మొదటిది సుమారు 3,050 మీటర్ల ఎత్తున ఉన్న కొంగ్‌డూరికి, రెండోది సుమారు 3,950 మీటర్ల ఎత్తున అఫర్‌వట్ కొండభుజం మీదికి చేరుస్తుంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతపు కుర్రవాడే.

చూడ్డానికి అంతా ఒకే తెలుపు గానీ, మంచు ఒక రకం కాదని ఇక్కడే తెలిసింది. కొంగ్‌డూరి దగ్గర యంత్రంతో చదును చేసిన దారి తెల్లవారుజామున గచ్చులా గట్టిగా ఉంటుంది. దారి పక్కన చెట్లలో రాత్రి పడినది బియ్యప్పిండిలా మెత్తగా ఉంటుంది. పదిమంది తొక్కిన తరువాత అదే మంచు దున్నిన చేనులా గడ్డలు కడుతుంది. ఎండ తగిలిన వాలులో మధ్యాహ్నానికి నానిన మట్టిలా బరువెక్కుతుంది. ఒకే రోజు, ఒకే కొండ మీద ఈ నాలుగూ ఎదురవుతాయి. వీటన్నిటికీ ఒకే జతతో సరిపెట్టుకునేందుకు చేసినవే ఆల్ మౌంటెన్ స్కీలు.

దుకాణంలో

మొదటి రోజు అద్దె దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు మర్యాదస్తుడు. అమ్మాయిని ఒకసారి చూసి, నా వైపు తిరిగి, "మేడమ్ కోసమేగా?" అని, గోడకున్న వాటిలోంచి ఒక పొట్టి జత తీశాడు. 144 సెంటీమీటర్లు, మీద గులాబీరంగు పూలు. తేలిగ్గా ఉంటాయి, ఆడవాళ్ళకు ఇవే నప్పుతాయన్నాడు. అమ్మాయి వాటిని చేతిలోకి తీసుకుని రెండు కొనలూ పట్టి వంచి చూసి, నవ్వుతూ తిరిగి ఇచ్చేసింది. "భయ్యా, నా ఎత్తు 163, బరువు 60. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. మూడు రోజులు మూడు రకాలు ఇవ్వండి" అంది హిందీలో. అప్పుడు ఆయన ఆమెతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎక్కడ చేస్తారు, ఎంత వేగం, చెట్లలోకి వెళతారా అని అడిగాడు. మంచి వ్యాపారి. అడగవలసినవి ఆ ప్రశ్నలే.

ఆడవాళ్ళ స్కీ అంటే ఏమిటో ఆ సాయంత్రం అమ్మాయి నాకు వివరంగా చెప్పింది. మనిషి ఆడా మగా అన్నది స్కీకి తెలియదు. దానికి తెలిసింది బరువు, బలం, వేగం. సగటున ఆడవాళ్ళ బరువు తక్కువ. కనుక మగవాళ్ళ కోసం బిగువుగా చేసిన పలకను వంచడానికి కష్టపడాలి. వంగని స్కీ తిరగదు. శరీరపు బరువు నిలిచే చోటు కూడా కొంత వేరు. అందుకని ఆడవాళ్ళ స్కీ మీద బూటు బిగించే గీతను కాస్త ముందుకు జరపాలని అమెరికాలో జీనీ థోరెన్ అనే ఆవిడ 1980ల నుంచీ ఊరూరా తిరిగి వాదించింది. అంతకు ముందు మగవాళ్ళ స్కీలనే పొట్టిగా కోసి, రంగు మార్చి అమ్మిన కాలం ఉంది. ఇప్పుడు మంచి కంపెనీలు ఆడవాళ్ళ బరువుకు తగ్గట్టు లోపలి చెక్కనూ లోహాన్నీ మార్చి చేస్తున్నాయి. వోల్కల్ వారి మాంట్రాకు సీక్రెట్, నార్డికా వారి ఎన్‌ఫోర్సర్‌కు శాంటా ఆనా అలాంటి తోబుట్టువులు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆడవాళ్ళ స్కీ అన్న చీటీ ఉన్నవన్నీ ఒక స్థాయివి కావు. మెత్తగా, తేలిగ్గా, నేర్చుకునేవాళ్ళ కోసం చేసినవి చాలా ఉంటాయి. కాలు తిరిగిన మనిషికి అలాంటివి ఇస్తే వేగంలో అదురుతాయి, గట్టి మంచు మీద అంచు జారుతుంది. తేలిక అన్నిసార్లూ సుఖం కాదు. బరువున్న స్కీ గడ్డల మీద కుదురుగా పోతుంది. ఎత్తుగా, బలంగా ఉండి వేగంగా దిగే ఆడమనిషికి మగవాళ్ళ స్కీయే నప్పవచ్చు. చీటీ చూసి తీసుకోకూడదు, చీటీ చూసి వదలనూ కూడదు.

మూడు రోజులు, మూడు జతలు

స్కీకి ముందు, మధ్య, వెనుక మూడు వెడల్పులుంటాయి. మధ్యదాన్ని నడుము అంటారు. చాలా మోడళ్ళ పేరులోని సంఖ్య ఆ నడుము మిల్లీమీటర్లే. బ్లిజార్డ్ వారి బ్లాక్ పెర్ల్ 88 అంటే నడుము 88 అన్నమాట. సన్నని నడుము గట్టి మంచు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చటుక్కున మారుతుంది. వెడల్పు నడుము మెత్తని మంచులో పడవలా తేలుతుంది.

మొదటి రోజు అమ్మాయి 80 నడుము, 152 పొడవు జత వేసుకుంది. చదును చేసిన దారిలో చక్కగా గీత గీసినట్టు దిగింది. పక్కకు తిరిగి చెట్లలోకి పోగానే ముక్కు మంచులోకి దిగబడింది. రెండో రోజు 108 నడుము, 172 పొడవు. పిండిమంచులో తేలుకుంటూ పోయింది గానీ, ఉదయం గట్టిదారి మీద ప్రతి మలుపూ బలవంతాన తిప్పవలసి వచ్చింది. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేశాయి. మూడో రోజు 96 నడుము, 164 పొడవు. గట్టిదారిలో మొదటి రోజంత చురుకు లేదు, చెట్లలో రెండో రోజంత తేలికా లేదు. కానీ రెండు చోట్లా ధైర్యంగా నిలబడింది. గడ్డలు కట్టిన చోట మాత్రం ఆ రెంటికన్నా ఇదే మెరుగు.

కాల్గరీ వైపు ఎక్కువగా గట్టిదారుల్లో తిరిగేవారికి 85 నుంచి 92 చాలు. చెట్లలోకి, తాజా మంచులోకి తరచు పోయేవారికి 94 నుంచి 100. వారంలో ఒకరోజు చేసేదేమిటో, ఏడాదిలో ఒకసారి చేసేదేమిటో వేరుచేసి, మొదటిదానికి కొనుక్కోవాలి. రెండోదానికి అద్దెకు తీసుకోవచ్చు.

పొడవు సంగతి. 1993లో ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అనే నడుమున్న స్కీ తెచ్చేదాకా అందరివీ దాదాపు తిన్నని పలకలే. నిలబడి చెయ్యెత్తితే మణికట్టుకు తగిలేంత పొడవు తీసుకునేవారు. ఇప్పుడు అంత అవసరం లేదు. నేర్చుకునేవారికి గడ్డం దాకా చాలు. బాగా వచ్చినవారికి ముక్కు నుంచి నడినెత్తి దాకా. కొనలు పైకి లేచి ఉన్నవైతే, అంటే రాకర్ ఉన్నవైతే, గట్టి మంచు మీద ఆ కొనలు నేలను తాకవు. పట్టు ఉన్న పొడవు తగ్గిపోతుంది. కనుక ఒక సైజు ఎక్కువ తీసుకోవాలి. ముందు వెనుక రాకర్, పాదం కింద విల్లులాంటి వంపు ఉన్నది అన్ని మంచులకూ పనికొస్తుంది. ఆ వంపును కేంబర్ అంటారు. బరువు వేసినప్పుడు అది నేలకు ఒత్తుకుని అంచుకు పట్టు ఇస్తుంది.

లోపలి సంగతి కూడా అడగాలి. చెక్క గుజ్జు మీద టైటానల్ రేకు వేస్తారు. పేరు విని టైటానియం అనుకుంటారు గానీ అది అల్యూమినియం మిశ్రమం. రేకు నిండుగా ఉంటే కుదురు ఎక్కువ, బరువూ ఎక్కువ. రేకు లేకుండా కార్బన్‌తో చేసినవి చురుగ్గా ఉంటాయి, గడ్డల మీద కాస్త ఎగురుతాయి. అరవై కిలోల మనిషికి పాదం కింద రేకు ఉండి కొనల్లో పలచబడినది మధ్యేమార్గం.

మోకాలి మాట

తల్లిదండ్రులుగా మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇది. స్కీయింగ్‌లో ఎసిఎల్ అనే మోకాలి లిగమెంటు తెగడం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువని క్రీడావైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. పడినప్పుడు బూటును వదిలేసే సాధనం బైండింగు. దీని వల్ల కాలి ఎముక విరగడం బాగా తగ్గింది. మోకాలికి మాత్రం అంత పూచీ లేదు. కనుక మనిషిని అలసిపోనివ్వని, ప్రతి మలుపుకూ మోకాలిని మెలిపెట్టనివ్వని స్కీ కావాలి. రెండో రోజు సాయంత్రం అమ్మాయి మోకాళ్ళు పట్టుకు కూర్చున్నప్పుడు, వెడల్పు ఎంతన్నది డబ్బు లెక్క కాదు, ఒంటి లెక్క అని నాకు అర్థమయింది.

బైండింగు ఎంత బిగువున వదలాలో చెప్పే పట్టిక ఉంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు, ఈ ఐదూ చూసి అంకె తేలుస్తారు. వడ్డీ పట్టికలా దాన్ని ఎవరి ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. మూడో రోజు దుకాణదారు బిగువు పెట్టబోతుంటే అమ్మాయి ఐదు వివరాలూ కాగితం మీద రాసి ఇచ్చింది. స్నేహితురాలి అంకె, భర్త అంకె వాడుకోకూడదు. బరువు తగ్గినా పెరిగినా, బూటు మారినా, యాభయ్యో ఏడు వచ్చినా మళ్ళీ నిపుణుడి దగ్గర సరిచూయించుకోవాలి. బూటు అడుగుల్లోనూ రకాలున్నాయి కనుక బూటూ బైండింగూ జోడీ కుదురుతాయా అని ముందే అడగాలి. బ్రేకు వెడల్పు నడుముకన్నా కాస్త ఎక్కువ ఉండాలి.

వీటన్నిటికన్నా ముందు కొనవలసింది బూటు. స్కీకి మాట చేరవేసేది బూటే. ఆడవాళ్ళ పిక్క కిందికి దిగి ఉంటుంది కనుక బూటు పైభాగం అక్కడ నొక్కకుండా చూసుకోవాలి. బాగా చేసేవాళ్ళకు బిగువు అంకె 90 నుంచి 110 దాకా ఉంటుంది. వదులు బూటుతో ఎంత ఖరీదైన స్కీ అయినా దండగే.

నాలుగో రోజు

చివరి రోజు అమ్మాయి రెండో దశకు వెళ్ళింది. నేను కొంగ్‌డూరిలో దిగిపోయి కహ్వా తాగుతూ కూర్చున్నాను. పైనుంచి గుల్‌మార్గ్‌కు 1,300 మీటర్ల దిగుడు. అక్కడ చదును చేసిన దారి లేదు. హిమపాతాల భయం ఉంది. 2023 ఫిబ్రవరి 1న ఇక్కడే ఇద్దరు పోలిష్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయరు హిమపాతంలో చనిపోయారు. కనుక స్థానిక గైడు లేకుండా, స్కీ పట్రోలు వారు తెరిచామని చెప్పని వాలులోకి పోకూడదు. మంచులో కూరుకుపోయినవారిని వెదికే ట్రాన్సీవరు, కర్ర, పార ముగ్గురి దగ్గరా ఉన్నాయని చూసుకున్నాకే వాళ్ళు కదిలారు.

గంటంబావుకు పైవాలులో మూడు చుక్కలు కనిపించాయి. మధ్య చుక్క ఎర్రకోటు. ముందు మెత్తని మంచు, తరువాత గడ్డలు, చివర నీడలో గట్టిపడిన వాలు. ఆ ఎర్రచుక్క ఎక్కడా తడబడలేదు. దగ్గరకొచ్చి ఆగి, కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఇదే జత నాన్నా, ఇంకేం వెతకక్కర్లేదు" అంది. తొమ్మిదేళ్ళుగా ఈ పిల్ల చేస్తున్నదేమిటో నేను కళ్ళారా చూసింది అప్పుడే. ఆటవిడుపు అనుకున్నాను ఇన్నాళ్ళూ. అదొక విద్య.

ఏప్రిల్‌లో కాల్గరీలో సీజను ముగిశాక, పోయినేటి మోడలు 95 నడుము, 165 పొడవు జత తగ్గింపు ధరకు కొనుక్కుంది. ఏటా కొత్త మోడలుకు మారేది చాలాసార్లు రంగే. అందుచేత సీజను చివర కొనడమే లాభం.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. గుల్‌మార్గ్‌లో మంచు జనవరి, ఫిబ్రవరి నెలల్లో బాగుంటుంది. కేబుల్‌కారు టిక్కెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోండి. గాలి ఎక్కువగా ఉంటే రెండో దశ ఆపేస్తారు కనుక ఒక రోజు అదనంగా పెట్టుకోండి. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన దారుణం తరువాత, బయలుదేరే ముందు భద్రతా పరిస్థితి కనుక్కోవడం తప్పనిసరి. మంచు చూడ్డానికే వెళ్ళే పెద్దవాళ్ళకు మొదటి దశ చాలు. విదేశాల్లో ఉన్న ఆడపిల్లకు స్కీలు బహుమతిగా ఇవ్వాలనుకునేవారు రంగు చూసి కొనకండి, వాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఆ ఎత్తు, ఆ బరువు, ఆ కొండ వాళ్ళవి.